కొత్త షెడ్యూలు

నిన్నటిదాకా దగ్గు బిళ్లల పక్కన నిలబడిన సీసా
గెజిట్ కాగితం వచ్చిన పొద్దున
బీరువాలోకి పోయింది.
తాళంచెవి నా మొలతాడుకొచ్చింది.

చట్టం తప్పని అనను.
మా అక్క కొడుకు గుణశేఖరు
పాలిటెక్నిక్ వెనక గోడ నీడలో
ఈ సీసాలే ఒకటి తరవాత ఒకటి తాగి
సొంత పేరుకు పలకడం మానేశాడు.
వాటిలో కొన్ని నా అంగట్లో కొన్నవే.

ఇప్పుడు నొప్పికి కూడా మూడు కాపీలు.

రాత్రి తొమ్మిదికి మొగిలమ్మ వచ్చింది,
చేతులకింకా మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాసన.
మొగుడి గొంతులో పుండు.
మాత్ర పడితేనే ఆ ఇంటికి కునుకు.
చీటీ వేలూరుది.
కొత్త రూలు ప్రకారం ఆ డాక్టరు సంతకం
నరహరిపేట చెక్‌పోస్టు దాటి రాకూడదు.

ఆమె వాదించలేదు.
కౌంటరు గాజు మీద
రూపాయి మీద రూపాయి పేర్చింది.
"ఈ పూటకి రెండియ్యన్నా."

రిజిస్టరు తెరిచా.
రోగి పేరు, డాక్టరు నంబరు, ముద్ర...
గళ్లన్నీ నోళ్లు తెరుచుకుని చూశాయి.
మూసేశా.

తనిఖీకి వచ్చినాయన
రెండు మాత్రలు తక్కువంటే
లెక్క తప్పిందంటా.
ఇరవై రెండేళ్లలో
ఈ గిరింపేట అంగట్లో ఎప్పుడూ లెక్క తప్పలేదని
ఎవరూ ఆయనకు చెప్పకుంటే చాలు.