పిడికెడు జొన్నలు

మా అవ్వ కెజియమ్మకు చీనా దేశం తెలుసు.
యాడుందో తెలీదు గానీ
ఆడ కరువొచ్చిందని తెలుసు.

జమ్మలమడుగులో, మిషను ఆస్పత్రి వెనక
మాలపేట బడి గుడిసెలో
అయ్యగారు గోడకు పటం తగిలించి
"ఇది పసుప్పచ్చ ఏరు, మన పెన్న మాదిరే,
పొంగితే మాత్రం ఊర్లు మింగుతాది" అన్నాడంట.
ఊరిని మింగేంత నీళ్లు ఎట్లుంటాయబ్బా అని
ఇసకలో చెలమలు తోడుకునే పిల్లోళ్లు
నోళ్లు తెరిచినారంట.

ఆ వారం నుంచీ
సంగటికి జొన్నలు విసిరే ముందు
ఒక పిడికెడు పిడతలో పడేది.
ఆదివారం గుడిలో కుప్ప పోసి, వేలం పాడి,
అణాలు చేసి మద్రాసుకు పంపితే
ఆడి నుంచి ఓడ.

"మనమే గంజి తాగుతాంటిమి గదవ్వా?"
"అందుకే పెట్టినాం.
కడుపు నిండినోనికి పిడికెడంటే ఎంతో తెల్దు."

తెల్లోళ్ల రాజ్యం పోయిన నాలుగేండ్లకు
బస్సు దిగిందామె.
మిస్ ఎల్‌స్పెత్. ఊరికి నోరు తిరగలే.
చీనా దొరసాని అన్నారు.
పద్దెనిమిదేండ్లు ఆడ నర్సమ్మగా చేసి
కొత్త సర్కారు పొమ్మంటే వచ్చింది,
ఒక పెట్టెతో, తెలుగు రాని నాలుకతో.

కాన్పుల వార్డులో మా అవ్వ ఆయా.
నొప్పులు పడే మనిషి చెయ్యి పట్టుకోని
దొరసాని ఏదో అనేది.
ఇంగ్లీషు కాదు. తెలుగు కాదు.
ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కే మాట.
ముద్దనూరు పిల్ల ఏడుపాపి
"ఏమంటాందిమా?" అనింది.
"ఊపిరి పీల్చమంటాంది" అనింది అవ్వ.
అవ్వకేం తెలుసు?
అయినా ఆ పిల్ల పీల్చింది. మొగబిడ్డ.

ఒక రాత్రి లాంతరు కాడ అడిగేసింది అవ్వ:
"దొరసానీ, మా జొన్నలు ముట్టినాయా?"

కాంపౌండరు తీతు ఇంగ్లీషులో చెప్పినాడు.
ముట్టినాయి అని ఒక్క మాటంటే పొయ్యేది.
"తెలీదు" అనింది దొరసాని.
తర్వాత చానాసేపు మాట్లాడింది.
తీతు సగం చెప్పి, సగం మింగినాడు.
ఓడలో పైన సువార్త, కింద నల్లమందు,
రెండూ ఒకే రేవులో దిగినాయంట,
వాటికంటే ముందు ఫిరంగులు దిగినాయంట.
ఏ చెయ్యి మందిచ్చిందో ఏ చెయ్యి మత్తిచ్చిందో
ఆ జనం ఎట్ల తేల్చుకోవాల?
"ఆ నల్లమందు పండింది మీ దేశంలోనే" అనిందంట.
"మా చేన్లో కాదు" అవ్వకు రోషం.
"మీ చేన్లో కాదు" ఒప్పుకునింది.

"మరి నువ్వీడుంటే ఆడ గుడెట్ల?"
"తాళం వాళ్ల కాడే ఉంది" అనింది.
కొంచెం ఆగి,
"మొదట్నుంచీ వాళ్ల కాడే ఉండాల్సింది."

ఆమెకొక చిన్న నోటుబుక్కు.
పేజీకొక పేరు.
నిద్దరపోయే ముందు గుసగుసగా చదివేది.
వరండాలో పండుకున్న అవ్వ చెవిలో
ఆ పేర్లు పడి, మొలిచి,
మన మన్ను అంటించుకున్నాయి.
చెన్ సూయింగ్ చెన్న సూరమ్మయింది.
వాంగ్ పాస్టరు వంగన్న.
లియాంగ్ అని కుంటి పిల్లోడొకడు,
వాడు లింగడు.

నా చిన్నప్పుడు రాత్రి ప్రార్థనలో
వాన, బుడ్డల రేటు, మా మామ తాగుడు
అన్నీ అయినాక
"చెన్న సూరమ్మను, వంగన్నను,
కుంటి లింగన్ని కాపాడు తండ్రీ" అనేది.
మైలవరం దిక్కు చుట్టాలనుకుంటి.
ఒక పెండ్లిలో వెతికినా గూడా.
ఆ పేర్లకు ఎవరూ పలకలే.

దొరసాని ఎప్పుడో వాళ్ల దేశం పొయ్యింది.
అవ్వ పోయి పదకొండేండ్లు.
నాకు భక్తి అంతంతే.
అయినా కరెంటు పోయిన రాత్రుల్లో
కండ్లు మూస్తే నోరు దానంతటదే
ఆ పేర్ల కాడికి పోతాది.

లెక్కేస్తే సూరమ్మ, వంగన్న
ఎప్పుడో వెళ్లిపోయుంటారు.
కుంటి లింగడు మాత్రం
మా ఇంట్లో ఇంగా
పెద్దోడు కాలే.