లక్ష కోట్లల్ల ఒక ముక్క

కల్వకుర్తి బస్టాండు ఎనుక గల్లీల
పైన షాహెదా బ్యూటీ పార్లరు,
కింద మా ల్యాబు.
మెట్లు ఒక్కటే.
పైకెక్కినోళ్లల్ల కొందరు కిందికి గూడ ఒస్తరు,
షాహెదానే పంపుతది:
"గదువ కింద ఇన్ని ఎంటికలు ఊకె రావు పిల్లా,
పోయి నెత్తురు జూపిచ్చుకో."

పద్దెనిమిదేండ్ల సంది సూదులు గుచ్చుతున్న.
ముట్టయిన మూడోనాడు, పరిగడుపున రమ్మంట.
పత్తి ఏరిన చేతులకు నరం జల్ది దొరుకుతది,
మెత్తటి చేతులకు ఎతుకాలె.
ట్యూబు మిషిన్ల తిరిగి తిరిగి
నెత్తురు అడుక్కు, తేట పైకి,
పెసరుకట్టు మీద తేరిన నీళ్ల రంగు.
గా తేటల ఉంటదట ఆడిదాని సక్కదనం.

ఎంత ఉంటది?
గ్రామును లక్ష కోట్ల ముక్కలు జేస్తె
అండ్ల ఒక ముక్క, ఇంకో ముక్క,
మస్తంటె ఒక నూట ఎనభై ముక్కలు.
లక్ష కోట్లంటె కాలువల ముచ్చట్లల్ల ఇన్నమే గని
గింత సన్న లెక్కకు పనికొస్తదని
గీ కొలువుల చేరినంకనే ఎరుక.
కంసాలి త్రాసుల పెట్టినా ముల్లు కదలది.
గని గంతదానికే
చెంపకు రంగొస్తది, గొంతు నున్నగైతది,
నిండిన ఆటోల గూడ జాగ దొరుకుతది.

నమ్మనోళ్లకు నా ముచ్చటే జెప్త.
ఇరవై ఆరేండ్లప్పుడు
నెల నడుమ నాలుగు దినాలు
నేను నడుస్తుంటె గల్లీ గూడ నాతోని నడిచినట్టుండేది.
గా దినాలల్ల దిగిన ఫోటో
ఇంక పర్సులనే ఉన్నది.
గది నేనే అనుకున్న.
కాదు. లోపల గింజ తయారైందని
ఒళ్లు ఏయించిన దండోర.
నన్ను అడగకుండనే ఏయించింది,
అడగకుండనే బంద్ జేసింది.

నిన్న నవనీత ఒచ్చింది, ఆమనగల్లు పిల్ల,
బీఈడీ చదువుతది.
చున్నీ గదువ దాంక గుంజుకొని కూసున్నది.
రిపోర్టుల మొగోళ్ల హార్మోను జర ఎక్కువ.
"మేడం, ఇది దిగితె నేను సక్కగైతనా?"
కాయితం మీద మూడు గడులు:
టెస్టు పేరు, నీ లెక్క, ఉండాల్సిన లెక్క.
నాలుగో గడి లేదు.
"డాక్టరమ్మను అడుగు బిడ్డా" అన్న.
గా పిల్ల కనుబొమ్మలు ఎంత నల్లగున్నయో!
గదన్న చెప్పాల్సుండె.
గడప దాటినంక యాదికొచ్చింది.

రాత్రి షట్టరు సగం దించి
నా చెయ్యి నేనే గుచ్చుకున్న.
పేరు కాడ మా మేనత్త పేరు రాసిన,
సచ్చిపోయినామె, ఏమనది.
మిషిన్ గుర్రుగుర్రుమని
'పది కంటె తక్కువ' అని కొట్టింది.
ఎంత తక్కువనో దానికి తెల్వదట.
పది కిందికి లెక్కబెట్టుడు దండుగనుకున్నది గావచ్చు.

కాయితం మడిచి పైకి పోయిన.
"ఏందే గా మొఖం?"
చెప్పలే. కుర్చీల కూలబడి గదువ లేపిన.
మూడు ఎంటికలు, గట్టియి,
మొన్న రంజానైనంక మొలిచినయి.
షాహెదా దారం పండ్ల నడుమ పట్టింది.

ఆమె కడుపుల సంచి
ఇరవై తొమ్మిదేండ్లకే తీసేసిండ్రు జడ్చర్లల,
నొప్పంటె చాలు, పక్క గడ్డలు గూడ ఊడ్చేసిండ్రు.
గప్పటి సంది ఆమె తేట ఎండిన చెలిమె.
గని పండుగనాడు సుర్మా పెట్టుకొని మెట్లు దిగుతుంటె
మా కాంపౌండరు వీరాచారి
ట్యూబుల మీద పేర్లు తప్పు రాస్తడు, ఇప్పటికీ.
గీ రోగానికి నా కాడ టెస్టు లేదు.
వాని కండ్లద్దాలు పాతయైనందుకు గూడ కావొచ్చు,
నేనేం ఒట్టు పెట్టను.

దారం సర్రున గుంజింది.
నా కండ్లల్ల నీళ్లు దిరిగినయి.
"ఏడుస్తున్నవా?"
నోట్ల దారముండె, మాట సగమే ఒచ్చింది.
"ఎంటికకు" అన్న.
రెండోదానికి కరెంటు పోయింది.
చీకట్లనే, ఏం అనకుండ,
వేళ్లతోని నా గదువ తడుముకుంట
మూడోదాన్ని ఎతుకుతున్నది.