మూడో తీగలో జీర

మిందేలోలో ఎడారి గాలి మొదలయ్యాక
నా కొట్టు ముందు జబ్బు గిటార్లు వరస కడతాయి.
సహారా దుమ్ము సముద్రం దాటొచ్చి
కొయ్యలో మిగిలిన కాస్త తడినీ తాగిపోతుంది.
తలుపులు సందులిస్తాయి, పెదాలు పగులుతాయి,
గిటారు మెడలు వెనక్కి విరుచుకుంటాయి.
అందుకే ఇలీదియో వచ్చినప్పుడు
కట్టు విప్పకముందే మనసులో మందు రాసేశాను.

రేవులో పడవ ఇంజన్లు విప్పే మనిషి.
తెరచాప గుడ్డలో చుట్టి, వలతాడుతో కట్టి తెచ్చాడు.
"జుంయ్ మంటోంది జుల్మీరా,
ఇంజనైతే ఎక్కడో చెప్పేవాణ్ణి."

ముందు గది నోరు మూయించాలి.
కాఫీగిన్నె మీద మూత తీశాను, చెవిరింగులు తీశాను,
ఎదుటింటి కుట్టుమిషను ఆగేదాకా ఆగాను.
అప్పుడు ఒక్కో తీగే మీటుతూ పోయాను.

వేలు పెట్టకుండా మీటితే ఆరూ శుభ్రంగా పలికాయి.
అంటే తల దగ్గరి ఎముకపట్టీ తప్పు లేదు.
మొదటి మెట్టునీ పద్నాలుగోదాన్నీ నొక్కిపట్టి చూశాను:
నడుమ ఉల్లిపొర దూరే సందు కూడా లేదు.
నే చెప్పలా, గాలి పనే!
మెడలోని ఇనపకడ్డీ పావు చుట్టు వదులు చేసి
పక్కన తడిస్పాంజి పెట్టి
రాత్రంతా పడుకోనిచ్చాను.

తెల్లారేసరికి జీర సగమైంది.
సగం.
నాకు ఒళ్లు మండింది.

విరిగిన ఉక్కుస్కేలు అంచుని
మూడేసి మెట్ల మీద ఆనించి దీపానికెత్తాను.
రెండో మెట్టు మీద, మూడో తీగ కింద,
సన్నగా వెలుతురు కారింది.
నాలుగో తీగ కిందా అంతే.
మొదటి మెట్టులో, రెండో తీగ కింద, ఇంకో గుంట.
పైనున్నవన్నీ ఎవరూ ఎక్కని మేడమెట్లలా
కొత్తగా మెరుస్తున్నాయి.

మూడు గుంటల్లో మూడు వేళ్లు పెట్టాను.
ఏ మైనర్.

"దీన్ని వాయించినవాళ్లెవరో
ఒక్క గదిలోనే కాపురమున్నారు," అన్నాను.
అతను ముందు నవ్వాడు.
"మా అక్క, దొమితీలియా.
దానికొచ్చింది ఒక్కటే పాట. ముప్పయ్యేళ్లు.
పక్కింటాయన ఇల్లు మారాడు."
కాసేపాగి,
"పాట బాగానే ఉండేది."

అరిగిన చోట లోహాన్ని మళ్లీ మొలిపించలేం.
ఆ లోతుకి సమానమయ్యేదాకా
మిగిలిన మెట్లన్నిటినీ ఆకురాయితో దించుకుంటూ రావాలి,
ఒకరి అరుగుదలకి అందరూ కాస్త కాస్త తగ్గినట్టు.
లేదా ఆ రెండింటినీ పీకి
కొత్తవి దిగ్గొట్టాలి.
ఏం చెయ్యమంటావన్నాను.
మా అక్క చేతిగుర్తులంటాడేమోనని
ఒక ఓదార్పు మాట కూడా సిద్ధం చేసుకున్నాను.
"అరిగిన రింగు మారుస్తాం గానీ
ఇంజనంతా అరగదీస్తామా?" అన్నాడు.
ఓదార్పు వృథా అయింది.

కాల్చిన కడ్డీతో వేడిచేసి మెల్లగా లాగాను.
రెండోది వస్తూ వస్తూ కొయ్యపేడు లేపింది.
తిట్టుకుని, జిగురు పెట్టి, మధ్యాహ్నం దాకా కాచుకున్నాను.
కొత్తవి కొట్టి, కొసలు గుండ్రం చేసి,
పక్కవాటి ఎత్తుకి తెచ్చి, ఉప్పుకాగితం పట్టాను.
స్కేలు కింద చీకటి. అన్నిచోట్లా చీకటి.
ఈ పనిలో చీకటే మంచి కబురు.

సాయంత్రం ఒళ్లో పెట్టుకుని,
ఇంజన్‌నూనె ఇంకిన బండ వేళ్లతో,
అక్క పాట మొదలుపెట్టాడు.
జుంయ్!

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
"ఆపకు," అన్నాను.
చెవి ముందుంచుకుని
తీగల వెంట, బ్రిడ్జి వెంట, బల్ల వెంట,
గోడ వెంట, కిటికీ అద్దం దాకా వెళ్లి
వెనక్కొచ్చాను అతని దగ్గరికే.
చొక్కా జేబు.

అడక్కుండానే ఏరుకున్నాడు
నేను పీకి పడేసిన రెండు మెట్లనీ.
గిటారు వీపుకానుకుని
ఏ మైనర్ వచ్చినప్పుడల్లా
ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయవి.

"ప్యాంటు జేబులో వేసుకో," అన్నాను.
వేసుకున్నాడు.