రెండో బంతి

మొదటి బంతి అయిదున్నరకి. నిండిపోయింది.
మాకు పడింది ఎనిమిదింబావు,
తూవాకి నిద్రవేళ.

ఆరింటికి అరటిపండు, ఏడింటికి సగం బిస్కెట్,
దాని ఆకలికి వాయిదాలు కడుతూ వచ్చాను.

"ఇంకా పగలేగా" అంటాడు ఎస్కిల్.
నిజమే. లోఫోటెన్ కొండల మీద సూర్యుడు
దిగనని మొండికేసి కూర్చున్నాడు,
అచ్చం వీడిలాగే.

సూపు వచ్చేసరికి తూవా
రొట్టె పళ్లెంలో చెంప ఆన్చి నిద్రపోయింది.
లేపబోయాను.
వడ్డించే రోడెల్ వద్దని తలూపి
చెంప కింద పళ్లెం మెల్లగా లాగి
మడత రుమాలు దూర్చాడు.

అతని మణికట్టుకి రెండు గడియారాలు.
"ఇలోయిలోలో రెండున్నర.
మా పాపా ఇలాగే, పక్కకి తిరిగి."

"అక్కడ చీకటా?"
ఆశగా అడిగాడు ఎస్కిల్.

"బాగా" అన్నాడు రోడెల్,
చేప వడ్డిస్తూ.