వంద రూపాయలకి ఏ ఆటొస్తాది?

ఎల్లాజీ, కూర్చో.
ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతాది.
ఫోనిలా ఇయ్యి.
అద్దం మీద పగులు
షీలానగర్ నించి పోర్టు గేటు దాకా రోడ్డులాగుంది.
పర్లేదు, దీని మీద కూడా ఆడొచ్చు.

నీ దగ్గరున్నది వంద.
కంటైనర్ దిగేదాకా లారీ నీడలో తొమ్మిది గంటలు.
గంటకి పదకొండు రూపాయల చిల్లర పడింది.
కంచరపాలెం మెట్టు దగ్గర నా పార్లర్లో
అప్పట్లో గంటకి పది తీసుకునేవోణ్ణి.
ఇరవయ్యేళ్ళలో పెరిగింది రూపాయే అన్నమాట.

ముందొక మాట.
ఉచితం అని రాసున్నదాని జోలికి పోకు.
గుమ్మం దగ్గర టికెట్టుండదు,
లోపల మెట్టు మెట్టుకీ హుండీ.
అల్లిపురం గుంటడొకడు
ఆటలో తుపాకీకి బంగారు రంగేయించడానికి
వాళ్ళమ్మ చీటీ డబ్బులు పోశాడు.
రంగు మిగిలింది.
అదైనా ఆ కంపెనీ దుకాణం మూసేదాకే.

కొత్తది అడక్కు.
కొత్త ఆటంటే
తెల్లారగట్ట ఫిషింగ్ హార్బర్లో వంజరం,
ఆ పాటలో మన నోరు పెగలదు.
రెండేళ్ళాగు.
ఆట ఎండుచేప లాంటిది,
పాతబడితే ధర తగ్గుతాది గాని
రుచి ఎక్కడికీ పోదు.

ఇదిగో ఇది చూడు, నలభై తొమ్మిది.
ఎవడో ఒక్కడే కూర్చుని రాశాడంట,
బొమ్మలన్నీ గళ్ళు గళ్ళు.
నువ్వు లైట్‌హౌస్ కాపలావోడివి.
మన డాల్ఫిన్స్ నోస్ మీదున్నట్టే ఒక కొండ,
కింద పొగమంచు,
ఒక్కో పడవనీ ఒడ్డుకి తేవాలి.
చంపడాలేం లేవు.
మా ఆవిడ ఒకసారి ఆడి
ఒక నాటు పడవ మునిగిపోతే
రెండ్రోజులు నాతో మాటాడలేదు.
నేనేం చేశానో ఇప్పటికీ తెల్దు.

చదరంగముంది, దమ్మిడీ అక్కర్లేదు.
కానీ నువ్వు నిద్రపోతావు.

ఆ అల్మారాలోది ముట్టుకోకు, అది అమ్మను.
రెండు పెన్సిల్ బ్యాటరీలు,
పైనించి రాలే ఇటుకలు, అంతే దాని ఆట.
హుద్‌హుద్ వచ్చిన వారం
కరెంటు లేదు, కుళాయి లేదు,
వీధిలో ఫోన్లన్నీ రాళ్ళయిపోయాయి.
కిక్ కిక్‌మని మాటాడింది ఇదొక్కటే.
కొవ్వొత్తి పెట్టుకుని వరసలో నిలబడ్డారు జనం,
ఒకరు ఓడితే ఇంకొకరికి.
పైకప్పు రేకులెగిరిపోయిన గోరపల్లి మాణిక్యమ్మగారు
అరవయ్యేళ్ళ మనిషి,
సందు లేకుండా ఒక వరస పేర్చింది.
పేర్చిన వరస చటుక్కున మాయమైపోయింది.
"ఇదేం ఆటర్రా, కుదురుగా కట్టిందే పోతాదా?"
అని పక్కన పడేసింది.
కాసేపు ఊరంతా కొబ్బరి మట్టల వాసన.
తర్వాత చెయ్యి చాపి
"ఏదీ, మళ్ళీ ఇయ్యి" అంది.

ఆ వానకే నా పార్లర్ పెద్ద మిషన్లోకి నీళ్ళు దిగాయి.
గెలిచినోళ్ళ పేర్లలో అన్నిటికన్నా పైన
పైల నూకరాజు,
మిషను మూడక్షరాలే అడిగేది గనక ఉట్టి నూకా.
పదేళ్ళు ఎవడూ దాటలేదు.
బోర్డు ఎండబెట్టి, తుడిచి, స్విచ్చేస్తే
పై నించి కింద దాకా సున్నాలు.
ఇప్పుడు వాడికి ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి.
వెళ్ళినప్పుడల్లా నిమ్మకాయ పిండుతూ అడుగుతాడు,
"నా పేరుందా గురువా?"
"ఉంది" అంటాను.
రెండు గరిటెలు ఎక్కువేస్తాడు.

సరే, ఎక్కిపోయింది నీ ఆట.
మిగిలిన యాభై ఒకటీ జేబులో పెట్టు,
గేటు దగ్గర ఇడ్లీ ఊరికే రాదు.
డేటా ఆపేసి ఆడు, బ్యాటరీ నిలుస్తాది.
లోడు పిలుపొస్తే మాత్రం
పడవల్ని నడి సముద్రంలో వదిలేసి పరిగెత్తకు.
సేవ్ నొక్కి,
అప్పుడు ఎక్కు లారీ.