రెండున్నర గదులు

ఇల్లు చూడ్డానికి మెట్ల మీద వరుసకట్టాం.
మూడో అంతస్తు నుంచి వీధి దాకా
అరవై మంది, అరవై ఫైళ్లు.
మేముంటున్న బిల్డింగు పడగొడతారట, వసంతం లోపల ఖాళీ చెయ్యాలి.
మా ముందున్నావిడ నిండు కడుపుతో ఉంది.
బెయాట్ ఆవిడకి రెయిలింగు వైపు చోటిచ్చి
నా వైపు చూడకుండా నిలబడ్డాడు.

జ్యూరిక్‌లో అద్దెకి మూడింతలు జీతం చూపించాలి.
తెల్లవారుజామున మూడింటికి నేను పిండి పిసికి,
రాత్రంతా డిపోలో తను ట్రాము చక్రాలు సానబట్టి,
వేన్నీళ్లకు చన్నీళ్లు తోడైతే
ఎనిమిది వేల నాలుగొందల ఫ్రాంకులు.
మూడోవంతు రెండు వేల ఎనిమిదొందలు.
ఈ ఇంటికి అడుగుతున్నది మూడు వేల నూటయాభై.

ఆకుల కన్నా ముందే రాలుతుంది
ఏటా ఇన్సూరెన్సు పెంచిన ఉత్తరం.
శనివారాలు రైలెక్కి సరిహద్దు దాటి
జర్మనీలో మాంసం కొనుక్కొస్తాం.
పళ్ల డాక్టరు కోసం ఒక బిస్కెట్ డబ్బా ఉంది.
అది నిండేదాకా ఆగమని
నా ఎడమ దవడకి నాలుగేళ్లుగా నచ్చజెబుతున్నాను.

"మీరిద్దరే కదా" అంటారు.
క్రిస్మస్ డ్యూటీ నా పేరు మీద రాస్తూ బేకరీ యజమాని,
బట్టలుతికే గదిలో మా మంగళవారాన్ని
వేరేవాళ్లకిచ్చేస్తూ కింది వాటా ఆవిడ,
కాస్త గొంతు తగ్గించి అత్తగారు.
ఇద్దరికి ఎంత కావాలేమిటి?

ఫారంలో ఒక గడి: పిల్లలు.
సున్నా వేశాను.
ఆ సున్నా తేలడానికి మూడుసార్లు
ఆసుపత్రికి కట్టిన ఇరవై ఏడు వేలు
రాయడానికి గడి లేదు.

రెండున్నర గదులంది ప్రకటన.
ఈ దేశంలో ఇళ్లని అలాగే లెక్కేస్తారు,
గది అనలేని మిగులు జాగా అర.
లోపలికెళ్లి ముందుగా దాన్నే చూశాను.
ఒక కిటికీ. కిటికీ నిండా పక్క మేడ గోడ.
బెయాట్ జేబులోంచి టేపు తీశాడు.
"అకార్డియన్ పడుతుంది లదీనా,
అడ్డంగా ఓ మంచం కూడా.
పగలు నువ్వు చీకట్లో పడుకోవచ్చు."
ఇలాంటి గదిని నా పొడుగుతో కొలవడం
ఇదే మొదటిసారి.

దిగుతుంటే ఆవిడ మెట్టు మీద కూర్చుని
ఫారం మోకాలికి ఆనించి రాస్తోంది.
"ఇంకా పుట్టనివాళ్లని వెయ్యొచ్చా?" అనడిగింది.
నేను పెన్ను మూత వెతుక్కుంటున్నాను.
బెయాటే అన్నాడు:
"కవలలని వేసెయ్యండి, ఎవరొచ్చి చూస్తారు!"

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.
నేనూ నవ్వాను,
ఎడమ దవడ జివ్వుమనేదాకా.