రచయిత ఎవరో తెలియదు

మా ఊళ్ళో పదమూడు ఇళ్ళు. ఏ తలుపుకీ తాళం లేదు.
చర్చికి ఒకటుంది గానీ, దాని చెవి
గుమ్మం పక్క మేకుకే వేలాడుతుంది, గాలికి మోగుతూ.
ఈ ఫారో దీవిలో దొంగతనం చేసినవాడు
పారిపోవాలంటే శుక్రవారం పడవ దాకా ఆగాలి.
మరి నా అల్లిక గదిలోకి కొత్తగా వచ్చిన ఈ కాపలావాడు
ఎవర్ని చూసి జడుసుకుంటున్నాడో!

పాత కంప్యూటర్ నవంబరులో పోయింది, ఉప్పుగాలికి.
మేనల్లుడు ఎయ్‌దున్ కొత్తది తెచ్చి
"అత్తా, ఇది చాలా భద్రం" అని
చంటిబిడ్డలా నా ఒళ్ళో పెట్టి పడవెక్కేశాడు.

ముందు వేలు అడిగింది. ఇచ్చాను.
ముప్ఫై ఏళ్ళు పచ్చి ఉన్ని జారిన వేలు,
గీతలన్నీ ఎవరెవరి స్వెట్టర్లలోనో అరిగిపోయాయి.
"మళ్ళీ ప్రయత్నించండి."
బొటనవేలు. ఎడమచెయ్యి. ఉమ్మితో తడిపి ఒకసారి.

తర్వాత మొహం చూపించమంది.
డిసెంబరులో మాకు వెలుతురు చుట్టపుచూపుగా వచ్చి పోతుంది.
దీపం చెంప దగ్గర పెట్టుకుని
పెళ్ళిచూపుల్లోలా బిగుసుకుని కూర్చున్నాను.
నచ్చలేదు దానికి.

సరే, పాస్‌వర్డ్. మా అమ్మ పేరు పెడితే
"బలహీనంగా ఉంది" అంది.
ఆరుగురిని కని, ఎనభై దాటాక కూడా
ఒంటిచేత్తో పడవ ఒడ్డుకి లాగిన మనిషి!

ఇక ఫోనుకి ఆరంకెలు పంపుతానంది.
ఫోను పలికేది గొర్రెల కంచె దాటాక, కొండమీది రాళ్ళగుట్ట దగ్గర.
ఆ అంకెల ఆయుష్షు ఒక్క నిమిషం.
నేను దిగి వచ్చేసరికి అవి చచ్చిపోయేవి,
పైన మళ్ళీ కొత్తవి పుట్టేవి.
నాలుగోసారి ఎక్కేటప్పటికి
గొర్రెలు తలెత్తి చూడ్డం కూడా మానేశాయి.

చివరికి ఫోనిచ్చి బ్రాండుర్‌ని పైన నిలబెట్టాను.
వేట పడవల మీద అరిచి అరిచి పండిన గొంతు.
"ఏడూ! సున్నా! రెండూ!"
నాలుగుని గాలి ఎత్తుకుపోయింది.
మారియానా కిటికీ తెరిచి "నాలుగే, రన్వా, నాలుగు" అంది.
"తర్వాత తొమ్మిది," వల విప్పుతున్న ఆమె మరిది.
ఒకటి ఎవరు చెప్పారో తెలియదు.
నిప్పంటుకున్న ఇంటికి బాల్చీలు అందించినట్టు
పదమూడిళ్ళూ నా రహస్యాన్ని చేతులు మార్చుకుంటూ
తొణక్కుండా నా బల్ల దాకా చేర్చాయి.

"అభినందనలు. ఇప్పుడు మీరు సురక్షితం."

(మర్నాటి నుంచి పిల్లలకి తాడాట పాట అదే.)

అప్పుడు తెరిచాను నా పాత ప్రోగ్రామ్‌ని.
తొంభైఆరు చలికాలం, భుజం విరిగి మంచాన పడి రాసుకున్నది.
ముసలమ్మల వేళ్ళకి తప్ప తెలియని అల్లికల్ని
అల్లిక మిషనుకి తెలిసే చుక్కలుగా మారుస్తుంది.
తెరమీద పసుపు త్రికోణం లేచింది:
"దీని రచయిత ఎవరో తెలియదు.
రాసినవారిని మీరు నమ్ముతున్నారా?"

నవ్వొచ్చింది ముందు. తర్వాత ఒళ్ళు మండింది.
ఇంటిదాన్ని గడపలో ఆపి
ఎవరి తాలూకు అని అడుగుతుందా!
'అవును' మీదకి బాణం జరిపాను.
జరిపి, ఆగాను.

ఎడమచేతి పదహారో వరసలో ఒక కన్ను జారుతుంది.
తప్పెక్కడుందో నాకు ఎన్నడూ దొరకలేదు.
ఇరవయ్యెనిమిదేళ్ళుగా ప్రతి స్వెట్టరూ దించి,
సూదితో ఆ ఒక్క కన్నూ ఎక్కించి,
ఎవరికీ చెప్పకుండా అమ్ముతున్నాను.
ఆ నొప్పి మందుల మత్తులో
లెక్క సరిపోయిందని రాత్రి మూడింటికి ఏడ్చిన మనిషి...
ఆవిడ నాకెంత తెలుసని?

కొండమీంచి బ్రాండుర్ ఇంకా దిగలేదు.
"రన్వా! ఇంకేమైనా అడిగిందా?"

"ఆగు" అని అరిచాను.
విన్నాడో లేదో.